చిన్న యేనుగుపై ఎవరి సవారి?

చిన్న ట్రక్కుల యజమానులు తమ బండ్లను గూర్చి చేయు స్తోత్రపాఠములను మేమును వినుచున్నాము. 2005లో టాటావారు ‘ఏస్’ అను బండిని వెలువరించిరి. 702 సి.సి. యంత్రము, రెండు సిలిండర్లు, 750 కిలోల బరువును మోయు శక్తి. జనులు దానికి ‘ఛోటా హాథీ’, అనగా చిన్న యేనుగు, అని పేరిడిరి. ఈ పరిశ్రమయందు తెలుగునేలయు వెనుకబడలేదు. జహీరాబాదులో ఒకప్పుడు ఆల్విన్-నిస్సాన్ తేలిక ట్రక్కులు తయారయ్యెను. ఆ కర్మాగారము మహీంద్రావారి చేతికి వచ్చిన పిమ్మట, 2015లో ‘జీతో’ అచ్చటనే పుట్టెను. 2016లో శ్రీసిటీయందు ఇసుజువారి పికప్ బండ్ల తయారీ మొదలయ్యెను. మన కార్మికుల హస్తకౌశలమునకు మేమును గర్వించుచున్నాము.

అయితే పెద్దలారీ తిరుగలేని మలుపులలో ఈ బండి తిరుగుచున్నది గనుక అరకు గిరిజనునకు విముక్తి కలిగినదని వాదించువారిని మేమొక్క ప్రశ్న యడుగుచున్నాము: బండి యెవరిది?

కావడితోను తలమోపుతోను కొండదిగి సంతకు వచ్చుట ఎంత కష్టమో యెరుగనివారము కాము. కాని బండి షావుకారుదే యైనచో కిరాయియు అతడే నిర్ణయించును, పసుపునకు, మిరియములకు ధరయు అతడే కట్టును. తలమీది బరువు దిగి అప్పుగా మారును. దళారుల పట్టు విడిపించుటకే గదా 1956లో గిరిజన సహకార సంస్థను స్థాపించినది! 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చినది. పేరు గిరిజనునిది, లాభము పరునిది కారాదు.

ఇక చట్టము మాట. సరకుల బండిలో జనుల నెక్కించుట నేరము. బస్సు రాని గూడెమువారికి మాత్రము సంతనాడు వేరు గతి యేది? 1994లో మోటారు వాహనముల చట్టమును సవరించి, సరకు వెంట పోవు సరకు సొంతదారునకు భీమారక్షణ కల్పించిరి. తక్కిన ప్రయాణికులకు అది వర్తింపదని 2002లో ఆశారాణి వ్యాజ్యమున సుప్రీముకోర్టు తేల్చినది. అనగా మిరియాల మూటతో నెక్కిన రైతునకు రక్షణ కలదు. జ్వరపడిన బిడ్డతో నెక్కిన తల్లికి లేదు! న్యాయమూర్తులను మేము నిందింపము. వారు ఉన్న చట్టమును చెప్పిరి. ఆ చట్టమును అట్లే యుంచిన శాసనకర్తలదే దోషము. జరిమానాలు వేసి జనులను దింపినంత మాత్రమున బస్సు రాదు. డోలీ మాత్రమే తిరిగి వచ్చును.

గూడెపుకొండలలో దొరతనమువారు గిరిజనులచే బాట వేయించి సరియైన కూలి యీయకపోవుట 1922లో చెలరేగిన తిరుగుబాటునకు ఒక కారణము. ఆ యేడు ఆగస్టు 22న చింతపల్లి ఠాణాపై దాడి జరిగెను. 2022లో ఆ వీరుని పేర జిల్లాను ఏర్పరచితిమి. నాడు బాట వేసినవాని మనుమడు నేడు అదే బాటపై పరుని బండిలో మూటలపై వ్రేలాడుచు పోవలసినదేనా?

కావున మేము కోరునవి మూడు. కాఫీ రైతుల సంఘములకే సొంత ట్రక్కులు కొనుటకు సులభపు ఋణములీయవలెను. సంతదినములందు ఆర్టీసీవారు కొండబాటలకు చిన్నబస్సులు నడుపవలెను. అవి వచ్చువరకు, బస్సులేని గ్రామముల ప్రయాణికునకు భీమారక్షణ కలుగునట్లు చట్టమును సవరింపవలెను.

యేనుగు చిన్నదైనను యేనుగే. దాని అంకుశము కొండవాని చేతి కీయుడు. అంతవరకు విముక్తి మాట ఎత్తకుడు.