దెయ్యం ముందే ఉంది

'ద షైనింగ్' (1980) అనగానే అందరూ లిఫ్టులోంచి పొంగే రక్తం గురించే చెప్తారు. నన్ను భయపెట్టింది మాత్రం జాక్ టైప్‌రైటర్. కొలరాడో కొండల్లో, చలికాలానికి మూసేసిన హోటల్లో కూర్చుని రాస్తుంటాడు. భార్య వెండీ పలకరిస్తే, పనిలో ఉన్నప్పుడు ఇటు రావద్దని కసురుతాడు. తీరా చూస్తే, కాగితాల నిండా ఒకటే వాక్యం!

కుబ్రిక్ జాక్‌ని మొదట్నుంచీ పిచ్చివాడిలా చూపించాడని నవల రాసిన స్టీఫెన్ కింగ్ ఫిర్యాదు. నాకైతే అదే సరైందనిపిస్తుంది. హోటల్‌కి రాకముందే, తాగిన కోపంలో కొడుకు చెయ్యి గుంజితే భుజం కీలు తప్పింది. వెండీ డాక్టరుతో అది ప్రమాదమేనని సర్దిచెప్తుంది.

మనిళ్ళలోనూ అంతేగా? మొగుడు అరిస్తే "పాపం, పని ఒత్తిడి" అంటారు. డెడ్‌లైన్లు నాకూ ఉన్నాయండీ. అవి సాకు కాకూడదనే నా గోల.