తప్పు చెప్పేవాళ్లు కావాలి!

అప్రైజల్ రోజులొచ్చాయంటే ఆఫీసుల్లో వాతావరణమే మారిపోతుంది. నిన్నటిదాకా కలిసి టీ తాగినవాళ్లు కూడా ఆచితూచి మాట్లాడతారు. పక్క సీటాయనకు మంచి రేటింగ్ వస్తే మనకు తగ్గుతుందన్న భయం ఉన్నచోట, 'ఇక్కడ పొరపాటు జరిగింది, ఇలా సరిచేసుకో' అని ఎవరు చెబుతారు? చెప్పినా ఎవరు నమ్ముతారు?

మైక్రోసాఫ్ట్ అంతటి సంస్థకే ఈ తిప్పలు తప్పలేదు. అక్కడ చాలా ఏళ్లపాటు 'స్టాక్ ర్యాంకింగ్' అనే పద్ధతి ఉండేది. టీములో అందరూ బాగా పనిచేసినా సరే... ఇంతమంది మేటి, ఇంతమంది మధ్యస్థం, ఇంతమంది నాసి అని విడదీయాల్సిందే. ఫలితం? బయటివాళ్లతో పోటీపడాల్సినవాళ్లు పక్కవాళ్లతో పోటీకి దిగారు. తమకన్నా సమర్థులున్న టీములోకి వెళ్లడానికి వెనకాడారు. తెలిసిన విషయం నలుగురికీ చెప్పడమే నష్టమైపోయింది. చివరికి 2013 నవంబరులో ఆ పద్ధతికి కంపెనీ స్వస్తి చెప్పింది.

పద్ధతి మారినంత తేలిగ్గా మనుషులు మారరు. 2014 ఫిబ్రవరి 4న సీఈవో అయిన హైదరాబాదీ సత్య నాదెళ్ల ముందున్న సవాలు అదే. భార్య అనుపమ ఇచ్చిన ఓ పుస్తకం ఆయనకు దారి చూపింది. స్టాన్‌ఫోర్డ్ ఆచార్యురాలు కెరోల్ డ్వెక్ 2006లో రాసిన 'మైండ్‌సెట్' అది. తెలివి పుట్టుకతో వచ్చేదనుకునేవారు తప్పు బయటపడితే పరువు పోతుందని భయపడతారు. సాధనతో పెరుగుతుందనుకునేవారు అదే తప్పు నుంచి నేర్చుకుంటారు. అన్నీ తెలుసనుకునే సంస్థగా కాదు, అన్నీ నేర్చుకునే సంస్థగా ఉండాలని ఉద్యోగులకు పదేపదే చెప్పారు నాదెళ్ల.

వేదిక మీదే పరీక్ష

ఆ మాటకు పరీక్ష త్వరలోనే ఎదురైంది. 2014 అక్టోబరులో అమెరికాలోని ఫీనిక్స్‌లో కంప్యూటర్ రంగ మహిళల సదస్సు. జీతం పెంచమని అడగడానికి మొహమాటపడే మహిళలకు మీ సలహా ఏంటని అడిగితే, అడగక్కర్లేదు, వ్యవస్థ మీద నమ్మకం ఉంచితే అదే వస్తుందన్నారాయన. ప్రశ్నించిన మరియా క్లావే అప్పుడు మైక్రోసాఫ్ట్ డైరెక్టర్ల బోర్డు సభ్యురాలు కూడా. ఆమె నీళ్లు నమల్లేదు. మీతో ఏకీభవించనని అక్కడికక్కడే చెప్పారు. జీతం గురించి అడక్కుండా తాను ఎలా నష్టపోయిందీ వివరించారు. సభ చప్పట్లతో మోగిపోయింది.

ఆయన సమర్థించుకోలేదు. తన జవాబు పూర్తిగా తప్పని, పెంపునకు అర్హత ఉందనుకుంటే అడగాల్సిందేనని అదే రోజు ఉద్యోగులందరికీ రాశారు. పెద్దాయనే 'నాది తప్పు' అంటే కింది ఉద్యోగికీ ఆ మాట అనే ధైర్యం వస్తుంది. నాయకుడు ఇవ్వాల్సిన మొదటి శిక్షణ అదే.

బంతి మళ్లీ చేతికిచ్చి...

తప్పు చెప్పడం ఎంత ముఖ్యమో, ఆ తర్వాత మనిషిని నిలబెట్టడమూ అంతే ముఖ్యం. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో క్రికెట్ ఆడిన రోజుల ముచ్చటొకటి నాదెళ్ల 2017 నాటి తన పుస్తకం 'హిట్ రిఫ్రెష్'లో రాశారు. ఒక మ్యాచ్‌లో ఆయన బౌలింగ్ గాడి తప్పింది. కెప్టెన్ తానే బంతి అందుకుని వికెట్ తీశాడు. వెంటనే మళ్లీ నాదెళ్ల చేతికే బంతి ఇచ్చాడు. ఈసారి ఆయనకూ వికెట్లు పడ్డాయి. జట్టుకు ముందుముందు అవసరమయ్యే ఆటగాడి ఆత్మవిశ్వాసం దెబ్బతినకూడదన్నది ఆ కెప్టెన్ ఆలోచన.

ఇంట్లోనూ అంతే!

ఈ అలవాటుకు పునాది పడేది ఇంట్లోనే. డ్వెక్, మరో పరిశోధకురాలు కలిసి 1998లో ప్రచురించిన అధ్యయనంలో కొందరు పిల్లల్ని 'తెలివైనవాళ్లు' అని, ఇంకొందరిని 'బాగా కష్టపడ్డారు' అని మెచ్చుకున్నారు. మొదటివారిలో ఎక్కువమంది ఆ తర్వాత తేలికైన లెక్కలవైపే మొగ్గారు. వచ్చిన మార్కుల్ని పెంచి చెప్పుకున్నవారూ వారిలోనే ఎక్కువ.

కాబట్టి రేపు ఆఫీసులో 'నా పని ఎలా ఉంది?' అని అడక్కండి. 'బాగుంది' అనేసి ఊరుకుంటారు. 'ఇందులో ఒక్కటి మార్చాలంటే ఏది మారుస్తారు?' అని అడగండి. విన్నాక వాదించొద్దు. రాసుకోండి, మార్చుకోండి, మారిన సంగతి చెప్పినవారికే చెప్పండి. అప్పుడే వాళ్లు రెండోసారి కూడా నిజం చెబుతారు.