పన్నునకు బనికివచ్చినవాడు ఓటునకు బనికిరాడా?

ఒక యింట ఇరువది సంవత్సరములు పాటుపడి, ఆ యింటి ఖర్చులలో పాలుపంచుకొన్నవానిని "నీవు అతిథివి, ఇంటి వ్యవహారము నీకేల?" యని గడప వెలుపల నిలుపుట న్యాయమని యెవ్వరును అనరు. కాని దేశముల విషయమున నీ యన్యాయమే శాసనమై చెల్లుచున్నది.

సూర్యాపేట చెంతనున్న ఆత్మకూరు (ఎస్) వంటి యూళ్లనుండియు నేడు బిడ్డలు అమెరికాకు బోయి కొలువులు చేయుచున్నారు. అచట వారు పన్నులు చెల్లించుచున్నారు. 2020 నాటి జనాభా లెక్కలలో అట్టివారిని గూడ లెక్కించియే రాష్ట్రములకు ప్రతినిధిసభలో స్థానములు పంచిరి. ఆ ప్రతినిధుల నెన్నుకొనుటకు మాత్రము వారికి ఓటు లేదు. తలకు లెక్క గలదు గాని మాటకు లెక్క లేదు!

"పౌరులై ఓటు పొందరాదా?" యని కొందరందురు. మంచిమాటయే, ద్వారమెక్కడ? ఆ దేశపు సైన్యమున బనిచేసిన భగత్ సింగ్ థిండ్ గారిని సైతము 1923లో అచటి సుప్రీంకోర్టు పౌరసత్వమున కనర్హుడనెను. 1946లో తలుపు తెరచిరి గాని, ఏటికి నూరుగురు భారతీయులు మాత్రమే వచ్చి స్థిరపడవచ్చుననిరి. 1965లో ఆ పద్ధతి పోయెను. 1990 నాటి చట్టము మరియొక గొళ్లెము బిగించెను. ఉద్యోగముల మూలమున ఏటికి సుమారు 1,40,000 మందికి శాశ్వత నివాసము లభించును; అందు ఏ యొక్క దేశమున బుట్టినవారికిని సాధారణముగా నూటికి 7 పాళ్లకు మించి దక్కదు. నూరుకోట్లు దాటిన భారతదేశమునకును, మన సూర్యాపేట జిల్లాపాటి జనము లేని ఐసులాండునకును ఒకటే కొలత! ఈ వరుసలో ఏండ్లకేండ్లు నిలిచి శాశ్వత నివాసము పొందినను, పౌరసత్వమునకు సాధారణముగా మరి యైదేండ్లాగవలెను. పసితనమున ఇచటనుండి వెంటబోయిన బిడ్డలు, వరుస కదలకమునుపే 21 ఏండ్లు నిండినచో, తల్లిదండ్రుల హక్కునుండి తొలగిపోవుదురు.

నిజాము రాజ్యపు ముల్కీ నిబంధనలను మనవారు మరువలేదు. 1919 నాటి యా నిబంధనలనుబట్టి వెలుపలినుండి వచ్చినవాడు ముల్కీ యనిపించుకొని సర్కారు కొలువున కర్హుడగుటకు 15 సంవత్సరముల నివాసము కావలసియుండెను. వాని మంచిచెడ్డ లెట్లున్నను, రాచరికపు నిబంధనకు సైతము ఒక గడువుండెను. ప్రజాస్వామ్యమున కాదర్శమని చెప్పుకొను దేశమున మనవారి నిరీక్షణకు గడువేది?

నిన్న వచ్చినవానికి నేడే ఓటీయుమని మేమనుటలేదు. న్యూజీలాండులో 1975 నుండి, పౌరులు కాకున్నను, ఒక యేడాది నివసించిన శాశ్వత నివాసులకు ఓటు గలదు. దానివలన ఆ రాజ్యము కూలిపోలేదు.

ఇక మన యింటి సంగతి. 2010 నాటి సవరణవలన విదేశమందున్న భారత పౌరుడు స్వగ్రామపు ఓటర్ల పట్టికలో చేరవచ్చును. కాని ఓటువేయుటకు తానే పోలింగు కేంద్రమునకు రావలెను. ఒక్క యోటునకై సముద్రములు దాటి ఆత్మకూరునకు రాగలవా రెందరు? అచట లేదు, ఇచట అందదు; రెంటికి జెడ్డ రేవడి బ్రతుకు!

పరుల గడపను నిందించు మనము మన గడపను జూచుకొనవలదా? ఒడిషా, బీహారులనుండి వచ్చి మన పట్టణములలో ఏండ్ల తరబడి కాపురముండి మన మేడలు గట్టు కూలీలు పరదేశీయులు గారు, భారత పౌరులే. 1950 నాటి చట్టప్రకారము సాధారణ నివాసియైన చోటనే ఓటరుగా జేరుటకు వారికి హక్కు గలదు. కాని అద్దె పుచ్చుకొను చేయి, నివాసమునకు ఋజువుగా చీటి వ్రాసియిచ్చుటకు వెనుదీయుచున్నది. ఇట్టి చేతితో అమెరికా తలుపు తట్టుట కేమి మొగము గలదు?

కావున మా కోరిక స్పష్టము. పరదేశమున దీర్ఘకాలము పాటుపడినవానికి పౌరసత్వమునకై తెలిసిన గడువొకటి యుండవలెను. ఉన్నచోటనుండియే స్వదేశపు ఓటు వేయు మార్గమును మన పార్లమెంటు కల్పింపవలెను. చదువరులారా! వీనికై మన మెదురుచూడవలసి యుండవచ్చును. అద్దెకున్నవానికి చీటి యిచ్చుటకు మాత్రము ఏ పార్లమెంటు అనుమతియు నక్కరలేదు. ఆ పని నేడే చేయుదము.