డీపీలో జెండా

ఈమధ్య ఏం జరిగినా ఫోన్లో బొమ్మ మార్చేస్తున్నాం. ఒకరికి మద్దతనీ, మరొకరికి సంతాపమనీ. ఖర్చు లేదు, కుక్కరు మూడు కూతలు కూసేలోగా అయిపోతుంది!

2022 ఆగస్టు 2 నుంచి 15 వరకూ డీపీగా జాతీయజెండా పెట్టుకోమని ప్రధాని చెప్పారు, జ్ఞాపకముందా? ఆ 2వ తేదీ పింగళి వెంకయ్యగారి పుట్టినరోజు. కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టిన ఆయనే 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీగారికి జెండా నమూనా ఇచ్చారు. 1963లో బీదరికంలోనే పోయారు.

మా విజయపురి సౌత్‌లో బస్సెక్కితే వచ్చే మాచర్లలోనే ఆయన కూతురు ఘంటసాల సీతామహాలక్ష్మిగారు ఉండేవారు. 2021 మార్చిలో అప్పటి ముఖ్యమంత్రి జగన్ గారు ఇంటికొచ్చి సన్మానించారు, ప్రభుత్వం 75 లక్షలు ఇచ్చింది. అప్పటిగ్గానీ మా వీధిలో చాలామందికి ఆ సంగతే తెలీదు. ఇంత దగ్గరుండి! 2022 జూలై 21న నూరేళ్ల వయసులో ఆవిడ కన్నుమూశారు. సరిగ్గా పన్నెండు రోజులకి దేశమంతా డీపీల్లో వాళ్ల నాన్నగారి జెండా.

డీపీ పెట్టొద్దని నేననను వదినా. మా వీధిలో అందరూ జెండా పెట్టారు. ఒకావిడ మాత్రం స్టేటస్‌లో సీతామహాలక్ష్మిగారి ఫొటో పెట్టింది. “ఎవరీ మామ్మ?” అని ఆరోజు పదిమంది అడిగారట.