వార్త మన గడపకే రావాలంటే...

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి ముందు రెండు రాత్రులు మా నిజాంపట్నంలో ఎవరికీ కంటిమీద కునుకు లేదు. గాలివాన సంగతి సరే, అంతకంటే ఎక్కువ భయపెట్టింది చేతిలో ఉన్న ఫోను. ఏ ఏటిదో, ఏ దేశానిదో ఒక ఉప్పెన వీడియోను "ఇప్పుడే సూర్యలంకలో" అంటూ ఎవరో పంపారు. అది చూసి మా పక్కింటి పిన్నిగారు గుండె పట్టుకుని కూర్చుండిపోయారు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను కళ్లారా చూసిన మనిషి ఆవిడ. ఆవిడకు ధైర్యం చెప్పేసరికి నాకు తలప్రాణం తోకకొచ్చింది.

మనకొచ్చే కబురు ఎక్కడ పుట్టిందో తెలియకపోతే ఎలా? ఈ చిక్కుకు ఒక మార్గం 1999 నుంచీ ఉంది. నెట్‌స్కేప్ వాళ్లు మొదలుపెట్టిన ఆర్.ఎస్.ఎస్. పద్ధతి అది.

ఇది నలుగురికీ చెబుదామని మా వీధిలో డిగ్రీ చదివే అమ్మాయీ, రిటైరైన టీచరుగారూ, నేనూ కలిసి ఆదివారాలు మా వరండాలో చాప వేశాం. మొదటి వారం అభాసుపాలయ్యాం. "ఆరెస్సెస్ అంటున్నారు, ఇదేమన్నా పార్టీ మీటింగా అమ్మా?" అని ఒకావిడ లేచి వెళ్లబోయింది!

రెండోవారం ఆ పేరే ఎత్తలేదు. పేపరు వేసే అబ్బాయి గురించి చెప్పాం. ప్రతి సైటూ తన కొత్త వార్తల శీర్షికలు, తేదీ, లింకులతో ఒక చీటీ రాసి గుమ్మానికి తగిలిస్తుంది. దాన్నే ఫీడ్ అంటారు. మన ఫోనులోని ఫీడ్ రీడరు అనే యాప్ మనం చెప్పిన గుమ్మాలకు మాత్రమే వెళ్లి ఆ చీటీలు తెస్తుంది. ఆ సైట్లకు మన ఫోను నంబరు ఇవ్వక్కర్లేదు. వద్దనుకుంటే ఆ చిరునామా తీసేస్తే సరి.

ఎండుచేపలు అమ్మే ఒకావిడ వెంటనే అడిగింది: "చీటీ రాసినోడే అబద్ధం రాస్తే?"

ఎంత మంచి ప్రశ్న! ఈ పద్ధతి అబద్ధాన్ని నిజం చేయదు. కానీ ఆ మాట అన్నదెవరో తెలుస్తుంది. అందుకే ఏ గుమ్మానికి పంపాలో మనమే ఆలోచించుకోవాలి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వారి 'సచేత్' హెచ్చరికలు ఇలా కూడా తెప్పించుకోవచ్చు. అయితే రీడరు కాసేపటికోసారి మాత్రమే వెళ్లి చూస్తుంది. కాబట్టి తుపాను వేళ రేడియోనూ, రేవులో ఎగరేసే ప్రమాద సూచికనూ మరిచిపోకూడదు. అన్ని సైట్లూ ఈ సౌకర్యం ఇవ్వవని కూడా ముందే చెప్పాం.

2013 జులై 1న గూగుల్ తన రీడరును మూసేసినప్పుడు ఇక ఈ పద్ధతి పని అయిపోయిందనుకున్నారు చాలామంది. అవలేదు. మన పిల్లలు వినే పాడ్‌కాస్టులు చాలావరకు దీనిమీదే నడుస్తున్నాయి. ఒకప్పుడు వీవెన్ గారి 'కూడలి' తెలుగువారి రాతలను ఒకచోట చేర్చిందీ ఇలాగే. హైదరాబాదు పుస్తక ప్రదర్శనలో 'ఈతెలుగు' సంఘం వాళ్లు స్టాలు పెట్టి, కంప్యూటర్లో తెలుగు రాయడం ఎలాగో వచ్చినవాళ్లకు చెప్పారు. జీతం లేదు, లాభం లేదు. తెలిసింది పంచుకోవడం అంతే.

ఆ పని మనమెందుకు చేయకూడదు? వంటలూ, ముగ్గులూ ఒకరికొకరం నేర్పుకున్నవాళ్లమే కదా! రేపల్లెలోనో, తెనాలిలోనో మీకూ ఒక వరండా ఉంటుంది. తెలిసిన పిల్ల ఒకతి, వారానికో గంట, మన మాటల్లో రాసుకున్న నాలుగు పేజీలు, ఇంతే కావలసింది. మావి మూడు పేజీలు అయ్యాయి. నాలుగోదాంట్లో ఎండుచేపలావిడ ప్రశ్న రాయబోతున్నాం. మీ వరండాలో ఎవరేమడుగుతారో చూడండి మరి!