స్వరూపం కొత్తది, చందా ఎవరిది?



మహదేవపుర చుట్టూ అపార్ట్‌మెంట్లు కట్టే మేస్త్రీల నుంచి వైట్‌ఫీల్డ్ సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో కూర్చునే పిల్లల వరకు, మన తెలుగువాళ్ళ ఫోన్లకు ఊరి నుంచి చందా కబురు వస్తూనే ఉంటుంది. గుడి స్లాబు, ప్రహరీ గోడ, పెచ్చులూడిన పునీతుని స్వరూపం స్థానంలో కొత్తది. కింద క్యూఆర్ కోడ్. మాలో ఎక్కువమందిమి ప్రొటెస్టెంట్లం, స్వరూపాలు మా ఆరాధనలో ఉండవు. కాబట్టి "రాయికి ఇంత డబ్బెందుకు, బీదలకివ్వొచ్చుగా" అనే మాట ముందు మా నోటికే వస్తుంది. తొందరపడొద్దు. బేతనియలో అత్తరు చూసి అదే మాట అన్నది ఎవరో యోహాను 12వ అధ్యాయంలో ఉంది. మేము అడగదలచిన ప్రశ్న వేరు. పాతది పోయి కొత్తది వచ్చేటప్పుడు డబ్బు ఎవరు పెట్టారు?

పాక్ జలసంధిలో కచ్చతీవు అనే దీవి ఉంది. 285 ఎకరాలు. తాగడానికి నీళ్ళు లేవు, కాపురముండే మనిషి లేడు. ఉన్నదల్లా జాలర్ల పునీతుడైన అంతోనివారి గుడి. రామనాథపురం వైపు జాలరి ఒకాయన 1905లో కట్టించాడని చెబుతారు. 1974 ఒప్పందంతో దీవి శ్రీలంకకు వెళ్ళింది. పండుగకు వెళ్ళే భారతీయులకు వీసా అక్కర్లేదన్న మాట మాత్రం అందులో మిగిలింది. ఏటా తపస్సు కాలంలో రెండు తీరాల జాలర్లు పడవలేసుకుని వచ్చి అక్కడ కలుసుకుంటారు, బంధువులు బంధువులను చూసుకుంటారు. పాత గుడి శిథిలమైతే పక్కనే కొత్తది లేచింది. 2016 డిసెంబరు 23న ప్రతిష్ఠ జరిగింది. కట్టింది శ్రీలంక నౌకాదళం. మన జాలర్లను సముద్రంలో అరెస్టు చేసేది కూడా వారే. ఆ సైనికుల చెమటను మేము తక్కువ చేయడం లేదు, గుడి చక్కగానే ఉంది. కానీ ఒక జాలరి కట్టిన గుడికి ఇప్పుడు ఒక ప్రభుత్వం దాత అయింది. 2024 ఫిబ్రవరిలో, తోటివారిని జైలులో పెట్టారని రామేశ్వరం జాలర్లు పండుగకే వెళ్ళలేదు. తమ పునీతుని దగ్గరికి వెళ్ళకుండా ఉండడమే వారికి మిగిలిన నిరసన.

మనకు దగ్గరలోనే, కనకపుర తాలూకా హారోబెలె ఊరివాళ్ళు కపాల బెట్టపై 114 అడుగుల యేసు స్వరూపం నిలపాలనుకున్నారు. 2019 క్రిస్మస్ నాడు శంకుస్థాపన. 10 ఎకరాల స్థలం పత్రాలు అందించినది రాజకీయ నాయకుడు డి.కె. శివకుమార్. మూడు వారాలైనా గడవకముందే కనకపురలో వ్యతిరేక ఊరేగింపు జరిగింది. ఆ తర్వాత పేపర్లలో చర్చంతా ఆ నాయకుని గురించే. తరాలుగా ఆ కొండెక్కి ప్రార్థించిన ఊరివాళ్ళ పేరు ఎవరికి కావాలి?

స్కాట్లాండ్ పడమట సౌత్ ఊయిస్ట్ అనే దీవి ఉంది. 1955లో అక్కడ క్షిపణి ప్రయోగ స్థలం పెడతామని ప్రభుత్వం ప్రకటించినప్పుడు కతోలిక గురువు జాన్ మోరిసన్ ఎదిరించారు. దీవివాళ్ళూ బయటి విశ్వాసులూ ఇచ్చిన కానుకలతో 1957లో ఒక కొండవాలున బాలయేసును ఎత్తుకున్న మరియ తల్లి స్వరూపం, సుమారు 30 అడుగులది, గ్రానైటుతో నిలబెట్టారు. క్షిపణి స్థలం ఆగలేదు. ఆ కొండ పైన సైన్యం వాళ్ళ కట్టడాలు, కిందివైపు ఆ తల్లి. అయినా ఆ రాయి ఎవరిదని అక్కడ ఎవరూ అడగనక్కర్లేదు.

జనం డబ్బు అయినంత మాత్రాన పవిత్రమైపోదు, నిజమే. నిర్గమకాండము 32లో చెవిపోగులు ఇచ్చినవాళ్ళే 36లో మందిరానికి కానుకలు తెచ్చారు. మొదటిసారి దూడ అయింది. రెండోసారి కొలతలు ముందే తెలుసు, పనివాళ్ళెవరో పేర్లతో సహా తెలుసు, చాలినంత రాగానే మోషే ఇక తేవద్దని చాటించాడు. "ఇక చాలు" అని చెప్పిన చందా కమిటీని మీరెక్కడైనా చూశారా? రెండవ రాజులు 12 కూడా చదవండి. మందిరం బాగుచేయమని యోవాషు చెబితే, 23వ యేట వరకూ యాజకులు బాగుచేయనేలేదు. అప్పుడు మూతకు రంధ్రం చేసిన పెట్టె బలిపీఠం పక్కన పెట్టారు. నిండినప్పుడల్లా రాజు లేఖకుడూ ప్రధాన యాజకుడూ కలిసి లెక్కబెట్టారు. పాస్టర్లమైన మేము ఈ అధ్యాయం మీద ప్రసంగాలు తక్కువే చేస్తాం!

యవనస్థులారా, ఇక్కడి జీతంలోంచి మీరు ఒక్కసారే యాభై వేలు పంపగలరు. ఊళ్ళో శిలాఫలకం మీద మీ పేరు చెక్కుతారు. ఉపాధి హామీ కూలిలోంచి పది రూపాయలిచ్చిన అవ్వ పేరు చెక్కరు. ఇంకో ఇంటిని అసలు అడగరు, ఆ ఇంటివాళ్ళు ఏ కులమో మీకు చెప్పనక్కర్లేదు. అడగకపోవడం దయ అనుకుంటాం. రేపు ఊరేగింపు ఏ వీధిలోంచి పోవాలో తేల్చే రోజున "మీరేమిచ్చారు?" అని వాళ్ళనే అడుగుతాం.

కాబట్టి ఈసారి కోడ్ వచ్చినప్పుడు, నొక్కేముందు కమిటీ పెద్దకు ఫోన్ చేయండి. పది రూపాయలకూ రసీదు రాస్తున్నారా? పేటలో ప్రతి ఇంటికీ వెళ్ళారా? నెలనెలా లెక్క గుడి తలుపు మీద అంటిస్తారా? ఫలకం మీద పేర్లు లేకుండా ఉంచుతారా? మొత్తం నేనే పెడతానని ఎవరైనా వస్తే, అందరితోపాటు మీరూ కొంత ఇవ్వండి అని చెప్పగలరా? చెప్పగలం అంటే పంపండి, మేమూ పంపుతాం. "అవన్నీ నీకెందుకు బాబూ, నువ్వు డబ్బు వెయ్యి" అన్నారంటే, ఈ సంపాదకీయాన్ని వాళ్ళకు పంపించండి.