పడవకు ఇసుక కొట్టే పని నీళ్లతోనే జరగాలి

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల మత్స్య సహకార సంఘాల సభ్యులకు, వెల్డింగ్ షాపుల మేస్త్రీలకు, ఇనుప పడవలున్న ప్రతి కుటుంబానికి విన్నపం



ఎండాకాలం నీళ్లు వెనక్కి పోగానే చెరువుల ఒడ్డున, ప్రాజెక్టుల ఒడ్డున పడవలను బోర్లా వేసుకుంటాం. అడుగు రేకు మీద పాత రంగు పొక్కులు కట్టి ఉంటుంది. పొక్కు లేపితే కింద తుప్పు. ఆ తుప్పు మీదే కొత్త రంగు పూస్తే రెండో వానాకాలానికి రేకు చిల్లు పడుతుంది. అందుకే ముందు రేకును తెల్లగా తేల్చాలి. సుత్తి, ఉలి, వైర్ బ్రష్‌తో రోజుల తరబడి గీకినా తుప్పు గుంతల్లోకి బ్రష్ పోదు. ఇసుక కొడితే పోతుంది. అందుకే గాలి మిషన్ పెట్టి పొడి ఇసుక కొట్టించాలన్న ఆలోచన ప్రతి ఒక్కరికీ వస్తుంది.

ఆ పొడి ఇసుక పద్ధతిని మన రెండు పట్నాల్లో, మన ఒడ్డుల్లో పూర్తిగా మానేయాలని, దాని బదులు నీళ్లతో కొట్టే మిషన్‌ను మనమే తయారు చేసుకుని సంఘం ఆస్తిగా పెట్టుకోవాలని చెప్పడానికే ఈ కరపత్రం.

మంజీర నది ఇసుక ఎక్కువగా పలుగురాయి గింజలే. గింజ గింజగా ఉన్నంత కాలం దానితో ఏ హానీ లేదు. దానితోనే ఇళ్లు కట్టుకున్నాం, పిల్లలు దానిలోనే ఆడుకున్నారు. గాలి ఒత్తిడితో రేకుకు గుద్దినప్పుడు మాత్రం ఆ గింజ పగిలి కంటికి ఆనని పొడి అవుతుంది. కళ్లకు కనిపించే దుమ్ము ముక్కులోనో గొంతులోనో ఆగి దగ్గుతో బయటికి వచ్చేస్తుంది. కనిపించని పొడి, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో కొలిచే పొడి, ఊపిరితిత్తుల అడుగు దాకా పోయి అక్కడే ఉండిపోతుంది. దాని చుట్టూ మచ్చ కడుతుంది, మచ్చలు కలిసి ఊపిరితిత్తి గట్టిపడుతుంది. దీని పేరు సిలికోసిస్. దీన్ని నయం చేసే మందు ఇప్పటికీ లేదు. పని మానేసినా జబ్బు ముందుకే పోతుంది. దుమ్ము మరీ ఎక్కువైన చోట పదేళ్లు కూడా అక్కర్లేదు, కొద్ది నెలల్లోనే మనిషి కూలిపోయిన కేసులు వైద్యంలో నమోదై ఉన్నాయి. దమ్ము, దగ్గు, బరువు తగ్గడం చూసి టీబీ అనుకుని నెలల తరబడి టీబీ మందులు మింగేవాళ్లు ఉన్నారు. సిలికోసిస్ ఉన్నవాళ్లకు నిజంగానే టీబీ సోకే అవకాశం కూడా ఎక్కువ.

ఇది మనకు దూరపు సంగతి కాదు. షాద్‌నగర్ దగ్గర ఎలికట్టలో పలుగురాయి పొడి చేసే మిల్లుల్లో పనిచేసిన కూలీలు ఈ జబ్బుతోనే చనిపోయారు. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా, అలీరాజ్‌పూర్ ఆదివాసీలు గుజరాత్ పలుగురాయి మిల్లులకు వలసపోయి ఇదే జబ్బు తెచ్చుకున్నారు. చనిపోయిన 238 మంది కుటుంబాలకు తలా 3 లక్షల రూపాయలు ఇవ్వాలని 2016లో సుప్రీంకోర్టు గుజరాత్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. టర్కీలో జీన్స్ ప్యాంట్లు వెలిసినట్టు కనిపించడానికి బట్ట మీద ఇసుక కొట్టించేవారు. ఆ పని చేసిన కుర్రాళ్లు పాతికేళ్ల వయసులో పోతుంటే 2009లో అక్కడి ప్రభుత్వం నిషేధించింది. బ్రిటన్ అయితే ఫౌండ్రీ సరుకు మీద ఇసుక కొట్టడాన్ని 1949 నాటి నిబంధనలతోనే ఆపేసింది. మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం సిలికోసిస్‌ను ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో చేర్చింది. అంటే దీని సంగతి తెలియక కాదు. చిన్న షాపు దాకా, చెరువు ఒడ్డు దాకా ఆ తెలివిడిని ఎవరూ మోసుకు రాలేదు, అంతే.

మేస్త్రీలకు ఇంకో లెక్క కూడా చెప్పాలి. పొడి ఇసుక పద్ధతికి 6 మిల్లీమీటర్ల నాజిల్ పెడితే నిమిషానికి 80 ఘనపు అడుగుల గాలి కావాలి. పంక్చర్ షాపుల్లో ఉండే 3 హెచ్‌పీ కంప్రెసర్ ఇచ్చేది 12 ఘనపు అడుగుల లోపే. సరిపడా గాలి రావాలంటే 20 హెచ్‌పీ దాకా పోవాలి. అంత సరంజామా పెట్టలేక పాత గ్యాస్ సిలిండర్ కోసి, మూత వెల్డింగ్ చేసి ఇసుక కుండగా వాడాలని చూసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. నొక్కిపట్టిన గాలి ఉన్న డబ్బా అతుకు దగ్గర పగిలితే ఇనుప ముక్కలు షాపు దాటి రోడ్డు మీదికి పోతాయి. నీటి మిషన్‌లో గాలి నింపిన డబ్బా అనేదే ఉండదు. మాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

నీటి మిషన్‌లో గుట్టేమీ లేదు. కావాల్సిన మొదటి వస్తువు ఒత్తిడి పంపు. పొలంలో మందు కొట్టే పంపు చాలదు, బైకులు కడిగే చిన్న పంపూ చాలదు. ఆ ఒత్తిడికి రంగు లేస్తుంది గానీ తుప్పు కదలదు. కనీసం 100 బార్ ఒత్తిడితో నిమిషానికి 15 లీటర్లు ఇచ్చే పంపు కావాలి. దాన్ని 5 హెచ్‌పీ మోటారు నడుపుతుంది. పంపు నుంచి వచ్చే ఒత్తిడి పైపు, ట్రిగ్గర్ ఉన్న గన్ బజారులో దొరికేవే. వాటికి రాసి ఉన్న ఒత్తిడి పంపు ఒత్తిడి కంటే ఎక్కువ ఉండాలి.

అసలు పని అంతా గన్ చివరి తలకాయలో ఉంది. దాన్ని మన లేత్ షాపుల్లో తిప్పొచ్చు. లోపల నీటి నాజిల్ రంధ్రం ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉంటే 100 బార్ దగ్గర నీరు సెకనుకు 140 మీటర్ల వేగంతో దూసుకొస్తుంది. అది గంటకు 500 కిలోమీటర్లు. ఆ ధార ఒక చిన్న గది దాటి ఎదుటి గొట్టంలోకి పోతుంది. పోతూ పోతూ గదిలో గాలిని లాగేస్తుంది. గదికి పక్కన పెట్టిన పైపు ఆ పీల్పుతో బకెట్‌లోని పొడి గింజను లాక్కొచ్చి ధారలో కలుపుతుంది. బయటి గొట్టం 7, 8 మిల్లీమీటర్ల రంధ్రంతో ఉండాలి. దీనికి మామూలు ఇనుము పెడితే కొద్ది గంటల్లోనే అరిగి వంకర పోతుంది, ధార చెదురుతుంది. టంగ్‌స్టన్ కార్బైడ్ నాజిల్ కొనండి. ఖర్చు తగ్గించుకోకూడని చోటు ఇదొక్కటే. నీటి రంధ్రం, బయటి గొట్టం ఒకే సూటిలో ఉండాలి. వెంట్రుకంత పక్కకు జరిగినా పీల్పు పడిపోతుంది.

గింజ లాగే పైపు అర అంగుళం పారదర్శక పైపు అయితే లోపల ఏం నడుస్తోందో కనిపిస్తుంది. పొడుగు 3 మీటర్లు దాటనీయకండి. బకెట్‌లో గుచ్చే గొట్టానికి పైన గాలి రంధ్రం ఉండి తీరాలి. గాలి అందకపోతే గింజ ముద్దై ఆగిపోతుంది. ఆ రంధ్రాన్ని వేలితో కొంచెం మూస్తూ తెరుస్తూ గింజ ఎంత రావాలో సరిచూసుకోవచ్చు. నిమిషానికి రెండు నుంచి నాలుగు కిలోలు వస్తే పని నడుస్తుంది. బకెట్‌లో గింజ ఎండుగా, జల్లించి ఉండాలి. మొదలుపెట్టేటప్పుడు ముందు నీళ్లు వదిలి, తర్వాత గొట్టం గింజలో గుచ్చండి. ఆపేటప్పుడు ముందు గొట్టం పైకి తీసి, పైపు ఖాళీ అయ్యాక నీళ్లు కట్టండి. ఈ వరస తప్పితే తడి వెనక్కి పోయి పైపంతా గట్టిపడి పూట పని పాడవుతుంది.

ఈ ధార ముందు చెయ్యి పెట్టకూడదు. చర్మం మీద కనిపించేది చిన్న గాటే, లోపల మాత్రం నీరు, గింజ, రంగు కండరాల మధ్యకు పోయి ఉంటాయి. నొప్పి తక్కువ ఉందని ఇంటికి పోతే చెయ్యి తీసేయాల్సి రావచ్చు. ఆ క్షణమే ఆపరేషన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి పోయి, ఒత్తిడి ధార తగిలిందని డాక్టరుకు నోటితో చెప్పండి. తడిలో కరెంటు పని కాబట్టి మోటారుకు ఎర్తింగ్, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ లేకుండా స్విచ్ వేయొద్దు. ముఖానికి నిండా షీల్డు, గమ్ బూట్లు, మందం గ్లవ్స్ వేసుకోవాలి. ముక్కుకు తువాల కట్టడం రక్షణ కాదు. బిగుతుగా కూర్చునే ఎన్95 మాస్కు తక్కువలో తక్కువ.

నీళ్లు పెట్టాం కదా, ఇక మంజీర ఇసుకే వాడుకుందాం అనే మాట వస్తుంది. వద్దు. నీరు దుమ్మును చాలా మటుకు అణుస్తుంది గాని మొత్తం అణచదు. పైగా పగిలిన పొడి బురదలోనే ఉంటుంది. సాయంత్రానికి ఎండి, గాలికి లేచి, ఊడ్చే ఆడకూతురి ముక్కులోకి పోతుంది. మేస్త్రీని కాపాడి ఊడ్చే మనిషిని చంపే పద్ధతి మనకు అక్కర్లేదు. దాని బదులు గార్నెట్ అనే రాతి గింజ వాడండి. అందులో విడి సిలికా చాలా తక్కువ, గింజ గట్టిది, పదునైనది. ఒడిశాలో ఛత్రపూర్ దగ్గర కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ సముద్రపు ఇసుక నుంచి గార్నెట్ వేరు చేస్తుంది. కొత్తగూడెం వైపు గరీబ్‌పేట గుట్ట గార్నెట్లు వెయ్యేళ్లకు మునుపే ఐరోపా నగల్లోకి ఎక్కాయి, అంటే తెలంగాణ నేలకు ఈ రాయి కొత్తది కాదు. గార్నెట్ ధర ఇసుక కంటే ఎక్కువే, దాచడం ఎందుకు? ఒక్కొక్కరు బస్తా కొంటే భారం. సంఘం తరఫున లోడుగా తెప్పిస్తే మోయగలం.

బురదను తడిగా ఉండగానే ఎత్తాలి. పడవ కింద టార్పాలిన్ పరిచి, అంచులు లేపి కట్టి, నీటిని డ్రమ్ముల్లో తేర్చాలి. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. 2016లో కేంద్రం తెచ్చిన సీసం నిబంధనలు ఇంటి రంగులకు, అలంకారపు రంగులకు మాత్రమే వర్తిస్తాయి. ఇనుము మీద పూసే పారిశ్రామిక రంగులు వాటి కిందికి రావు. ఆ బురద ప్రాజెక్టు నీళ్లలో కలిస్తే మనం అమ్మే చేపల్లోకే పోతుంది. అందుకే నీటి అంచున కాదు, ఒడ్డుకు దూరంగా గచ్చు చేసిన చోటే ఈ పని జరగాలి.

అనుభవం ఉన్న మేస్త్రీ ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతాడు: నీళ్లు కొడితే తెల్లగా తేలిన రేకు కళ్ల ముందే మళ్లీ తుప్పు పట్టదా? పడుతుంది. గంటల్లోనే పసుపు పొర లేస్తుంది. దానికి ఉపాయం, పడవ మొత్తం ఒకేసారి కొట్టకుండా ఒక పూటలో రంగు వేయగలిగినంతే కొట్టడం. పొద్దున్నే మొదలుపెట్టి, మంచినీటితో కడిగి, బ్లోయర్‌తో ఆరబెట్టి, రేకు మరీ కాలకముందే ఎపాక్సీ ప్రైమర్ పూయాలి. మన ఎండ ఇక్కడ మనకు సాయం చేస్తుంది. తేమ నిండిన సముద్రపు గాలి మనకు లేదు. చెక్క పడవలకు, ఫైబర్ పుట్టీలకు మాత్రం ఈ మిషన్ వాడకండి. నారలు తేలిపోతాయి. వాటికి గీకుడే మందు.

ఈ పని ఎందుకింత అవసరమంటే, పడవ మనకు చేపల కోసం మాత్రమే కాదు. 2025 ఆగస్టు 27, 28 తేదీల్లో కామారెడ్డి కాలనీలు మునిగినప్పుడు, ఎల్లారెడ్డి వైపు ఊళ్లకు దారులు తెగినప్పుడు పడవ విలువ ఏమిటో అందరం చూశాం. 1922లో పూర్తయిన పోచారం కట్ట ఆ వరదను ఎలా తట్టుకుంటుందోనని జిల్లా అంతా ఊపిరి బిగబట్టింది. మృగశిర కార్తెకు ముందే ప్రతి ఇనుప పడవ రేకు గట్టిగా ఉండాలి.

అందుకు ఎల్లారెడ్డిలో ఒకటి, కామారెడ్డిలో ఒకటి, ట్రాక్టర్ ట్రాలీ మీద కదిలే నీటి మిషన్ చాలు. నిజాంసాగర్, పోచారం, కౌలాస్ నాలా సంఘాలు వంతుల వారీగా వాడుకోవచ్చు. తలకాయ తిప్పే పని ఐటీఐ పిల్లలకు అప్పగిస్తే వాళ్లకు చదువు, మనకు మిషన్. నీటిపారుదల అధికారులను కూడా అడుగుదాం. 1931లో పూర్తయిన నిజాంసాగర్ గేట్లకైనా, చిన్న తూముకైనా రంగు టెండర్ పిలిచినప్పుడు సిలికా ఇసుక వాడకూడదని ఒక్క వాక్యం రాయించాలి. కాంట్రాక్టు కూలీ కూడా మన ఊరి మనిషే. ఇప్పటిదాకా పొడి ఇసుక కొట్టినవాళ్లకు ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా చేయించాలి. దమ్ముతో డాక్టరు దగ్గరికి పోయే ప్రతి వెల్డింగ్ మేస్త్రీ తను చేసిన పనేమిటో చెప్పాలి, చీటీ మీద రాయించుకోవాలి.

ఈ కరపత్రం అందిన సంఘాలు వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానం పెట్టండి. మాటలు మీ ఊరికి తగ్గట్టు మార్చుకోవచ్చు:

“మా సంఘం పరిధిలో ఏ పడవకూ పొడి ఇసుక కొట్టించము, కొట్టము. తడి పద్ధతిలో కూడా నది ఇసుక వాడము. పక్క సంఘాలతో కలిసి నీటి మిషన్ తయారు చేయించడానికి, గార్నెట్ తెప్పించడానికి మా వాటా డబ్బు కేటాయిస్తున్నాము. బురద ఎత్తే పనికి, ఊడ్చే పనికి మేస్త్రీకి ఇచ్చే మాస్కే ఇస్తాము. ఈ పనిలో జబ్బు పడిన మనిషి పరీక్షల ఖర్చు, దారి ఖర్చు సంఘం భరిస్తుంది. ఈ తీర్మానం నకలు జిల్లా కలెక్టరుకు, మత్స్య శాఖకు, నీటిపారుదల శాఖకు పంపుతున్నాము.”